ఐదో ప్రతి

అంకోనా వాళ్ళు మమ్మల్ని ఊళ్ళోకి రానివ్వలేదు.
సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఐదు మూలల కోటలో
గాలికి కూడా కాపలా పెట్టి
నలభై రోజులు ఆగమన్నారు.
ప్లేగు లేదన్నాం.
లేదని ఋజువేమిటన్నారు.

మా రాయబారి అనార్గిరోస్ వ్రెటోస్‌కి
ఉన్నది ఒకటే నల్లకోటు.
రాజుల ముందు వేసుకోవాలని
ఉప్పుగాలి తగలని మూల దాన్ని వేలాడదీసి
చొక్కాతోనే చలిలో పచార్లు చేస్తూ చెబుతాడు,
నేను రాస్తాను.
నా ఫ్రెంచి, స్మిర్నాలో అత్తిపళ్ళ వర్తకుడి దగ్గర
చిట్టాలు రాస్తూ పట్టుబడ్డది.
అందుకే బరువులూ ధరలూ తప్పిపోవు,
బాధ దగ్గరే వ్యాకరణం తడబడుతుంది.

మొదటి ప్రతిలో ‘తిరుగుబాటు’ అని రాశాను.
కొట్టెయ్, అన్నాడు.
వెరోనాలో కొలువుతీరిన కిరీటాలు
ఆ మాట వింటే మెడ తడుముకుంటాయి.
రెండో ప్రతిలో ‘స్వేచ్ఛ’.
అదీ వద్దు, పారిస్ వాసన వేస్తుంది.
మూడో దానిలో ‘హక్కు’ —
హక్కున్నవాడు అడుక్కోడు కదా జీసిమోస్,
మనం వచ్చింది అడుక్కోడానికి.
నాలుగో ప్రతికి మిగిలినవి
శిలువ, కన్నీళ్ళు, తమ పాదధూళి.
చిత్తగించవలెను.

నాకొక చెల్లెలుంది, హియోస్ దీవిలో.
ఉంది అని రాయాలో, ఉండేది అని రాయాలో
ఏప్రిల్ నుంచి ఏ పడవా చెప్పలేదు.
తను ఇచ్చిన మస్తిక్ బంకముక్క నా జేబులో ఉంది.
చెట్టుకి గాటు పెడితే కారి గడ్డకట్టేది,
దాన్ని మేం కన్నీరనే అంటాం, తూకం వేసి అమ్ముతాం.
సుల్తాను అంతఃపురంలో నములుతారని
ఆ చెట్లున్న ఊళ్ళ జోలికి ముందు పోలేదట.
చెల్లిని ఇచ్చిన ఊళ్ళో
అన్నీ నిమ్మచెట్లే.

తన సంగతి రాయనా, అన్నాను.
ఆయన చాలాసేపు నీళ్ళ వైపు చూశాడు.
కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందయ్యా.
అయినా రాయి.
ఒక్క వాక్యం. పేరు లేకుండా.
‘కొందరు స్త్రీలు’ అని.
ఐదో ప్రతిలో నా చెల్లెలు బహువచనమైంది.

మర్నాడు కాపలా తెరెంజియో వచ్చి
పొడుగాటి పటకారుతో ఉత్తరం అందుకున్నాడు.
ఉలితో రెండుచోట్ల చీల్చి, సిర్కాలో ముంచి
గడ్డీ గంధకం పొగ మీద పట్టాడు.
సిరా ఉబ్బింది.
ఇందులో ఏముంది, అని అడిగాడు. చదువు రాదు వాడికి.
సాయం చెయ్యమని, అన్నాను.
అంటుకుంటుందా?
అబద్ధం చెప్పలేకపోయాను.

ముప్పయ్యేడో రోజు జవాబొచ్చింది,
కాగితం మీద కాదు, నోటిమాటగా:
వెరోనాకి దారి లేదు. రోముకీ లేదు.
మా ఉత్తరం మాకే చేరింది, ముద్ర పగలకుండా.
కమరవలసింది కమిరి, తడవవలసింది తడిసి
ఏ రాజూ విప్పని మడత.
చదివింది ఎవరైనా ఉంటే, ఆ పొగే.

వ్రెటోస్ కోటు దించి మడతపెట్టాడు.
జేబులో చచ్చిన ఈగ దొరికితే గోటితో మీటాడు.
లండన్ పోదాం, అన్నాడు.
అక్కడ రాజు వినకపోయినా బ్యాంకులు వింటాయట.
కన్నీళ్ళు అడగరు, తాకట్టేమిటని అడుగుతారు.
ఏముంది మన దగ్గర?
వేళ్ళు మడిచాడు:
ఇంకా మనవి కాని రేవులు,
ఇంకా కోయని ఎండుద్రాక్ష పంట,
ఇంకా పుట్టని దేశం కట్టబోయే పన్నులు.
రెండు వేళ్ళు మిగిలాయి.
వాటినలా చూస్తూ ఊరుకున్నాడు.

నేను కొత్త కాగితం తీశాను.
బరువులూ ధరలూ నాకొచ్చు,
ఈసారి ఎక్కడా తడబడక్కర్లేదు.
జేబులో బంకముక్క వేలికి తగిలింది.
తూస్తే కాసెత్తు కూడా ఉండదు.
‘మహారాజశ్రీ’ దాకా రాసి
ఎవరికి, అని అడగబోయాను.
అప్పటికే ఆయన నిద్రపోయాడు,
చొక్కాతోనే,
పక్కలో పసిపిల్లని జోకొట్టినట్టు
కోటు మీద చెయ్యి వేసి.